యుద్ధఖైదీలు బందిఖానాలో ఎలా బతికారు? గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు కొన్ని తెలుగు ఇళ్ళలో పాత ట్రంకుపెట్టె అడుగున ఒక పతకమో, యూనిఫాంలో దిగిన మాసిన ఫొటోనో ఉంటుంది. దాని గురించి అడిగితే "తాతగారు జపాన్ వాళ్ళ దగ్గర ఖైదీగా ఉన్నారట" అన్న ఒక్క మాటే ఇంట్లో మిగిలి ఉంటుంది. ఆ మాట పట్టుకుని పిల్లలు, మనవలు అడిగే ప్రశ్నలకు ఇవి జవాబులు. నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఒకటుంది. బందిఖానాలో బతికినవారిని గుండెధైర్యం ఒక్కటే బతికించలేదు. పక్కన మరొకరు ఉండడం, ఉన్న గుప్పెడు తిండిని పంచుకునే ఏర్పాటు ఉండడం, పట్టుకున్న సైన్యం ఎవరిది అన్నది, ఇవన్నీ కలిసి నిర్ణయించాయి. చనిపోయినవారిలో ధైర్యం తక్కువైందని అనుకోవద్దు.

యుద్ధఖైదీకీ జైలు ఖైదీకీ తేడా ఏమిటి?

యుద్ధఖైదీ నేరస్థుడు కాడు. శత్రువు చేతికి చిక్కిన సైనికుణ్ణి మళ్ళీ యుద్ధానికి వెళ్ళకుండా ఆపి ఉంచడమే ఆ నిర్బంధం ఉద్దేశం. శిక్ష వేయడం కాదు. 1929 నాటి జెనీవా ఒప్పందం, దాని తర్వాత వచ్చిన 1949 నాటి మూడవ జెనీవా ఒప్పందం చెప్పేది ఇదే. పట్టుబడ్డవాడు తన పేరు, హోదా, పుట్టిన తేదీ, సైనిక నంబరు చెబితే చాలు. అతన్ని కొట్టకూడదు, అవమానించకూడదు, జనం ముందు వినోదంగా ప్రదర్శించకూడదు. పోరు ఆగిన వెంటనే ఆలస్యం చేయకుండా వదిలిపెట్టాలి. భారతదేశం ఈ ఒప్పందాన్ని 1950లో ఆమోదించింది.

కొరాపుట్ వైపు నుంచి తరచూ వచ్చే ప్రశ్న ఒకటి: గిరిజన స్వాతంత్ర్యయోధుడు లక్ష్మణ్ నాయక్ యుద్ధఖైదీయేనా? కాదు. ఆయనను క్విట్ ఇండియా ఉద్యమ కాలంలో హత్యానేరం మోపి విచారించి, 1943 మార్చి 29న బరంపురం జైల్లో ఉరితీశారు. యుద్ధఖైదీకి ఉండే ఏ రక్షణా ఆయనకు దక్కలేదు.

ఒడిశా సరిహద్దు నుంచి తెలుగువాళ్ళు అంత దూరపు యుద్ధాల్లోకి ఎలా వెళ్ళారు?

రెండు దారుల్లో. మొదటిది సైన్యం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా బరంపురం, పర్లాకిమిడి మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లావి, జయపురం, రాయగడ వైపు ప్రాంతం విశాఖపట్నం జిల్లా ఏజెన్సీది. కాబట్టి ఇక్కడివారు సైన్యంలో చేరితే మద్రాసు పేరున్న దళాల్లోకి వెళ్ళడం సహజం. మద్రాసు శాపర్ల దళంలో తెలుగువారు ఉండేవారు. వంతెనలు, దారులు, కందకాలు వీళ్ళ పని.

రెండో దారి కూలి. గోపాల్‌పూర్, కళింగపట్నం, భీమునిపట్నం రేవుల నుంచి ఓడలెక్కి మేస్త్రీల వెంట రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళినవారు వేలల్లో ఉన్నారు. కంగాణీల (కూలీలను పోగుచేసే పెద్దల) ద్వారా మలయా (నేటి మలేషియా) రబ్బరు తోటలకు, కొబ్బరి తోటలకు వెళ్ళినవారిలో ఉత్తరాంధ్ర, గంజాం తెలుగువారు చాలామంది. పేరాక్ ప్రాంతంలో వాళ్ళ ఊళ్ళు నేటికీ ఉన్నాయి. తుపాకీ ఎన్నడూ పట్టని ఈ కూలీలే యుద్ధంలో అందరికంటే ఘోరమైన బందిఖానా చూశారు. వాళ్ళ గురించి కింద వేరుగా చెబుతాను.

ఎవరికి చిక్కారన్న దాన్ని బట్టి బతుకు మారేదా?

చాలా మారేది. రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీ, ఇటలీలకు చిక్కిన బ్రిటిష్, అమెరికన్, కామన్వెల్త్ ఖైదీల్లో చనిపోయినవారు నూటికి 4 మంది. జపాన్‌కు చిక్కినవారిలో నూటికి 27 మంది. టోక్యో యుద్ధనేరాల విచారణలో తేలిన లెక్క ఇది. అదే జర్మనీ చేతిలో సోవియట్ ఖైదీలు 57 లక్షల మందిలో సుమారు 33 లక్షల మంది చనిపోయారు. ఒకే దేశం ఒక జాతి ఖైదీకి రెడ్‌క్రాస్ పార్శిల్ అందనిచ్చి, మరో జాతి ఖైదీని ముళ్ళకంచెలో ఆకలికి వదిలేసింది. కాబట్టి "ఫలానావాడు ఎంత గట్టివాడో, అందుకే బతికాడు" అన్న మాట నాకు పూర్తిగా నిజమనిపించదు.

ఉత్తర ఆఫ్రికాలో 1941, 1942 సంవత్సరాల్లో పట్టుబడ్డ భారతీయ సైనికులను ఇటలీ శిబిరాలకు, తర్వాత జర్మనీకి, ఫ్రాన్స్‌కు తరలించారు. లండన్‌లోని ఇండియన్ కంఫర్ట్స్ ఫండ్ వీరి కోసం ప్రత్యేకంగా పార్శిళ్ళు కట్టించేది. వాటిలో గోధుమపిండి, పప్పు, నెయ్యి, కూరపొడి ఉండేవి. మంచు కురిసే చోట, శత్రువు కాపలాలో, డబ్బా మూత తీస్తే మసాలా వాసన తగలడం ఆ మనుషులకు ఎంత ఊరటో ఊహించుకోవచ్చు.

ఖైదీలకు అన్నమే పెట్టారు కదా. అన్నం తినే మనవాళ్ళకు బెరిబెరి ఎందుకు వచ్చింది?

ఈ ప్రశ్నకు జవాబు మన ప్రాంతంలోనే ఉంది. జపాన్ శిబిరాల్లో ఇచ్చింది బాగా మరపట్టిన తెల్ల బియ్యం. అందులోనూ కొలత తక్కువ, పురుగులు, రాళ్ళు ఎక్కువ. పప్పు, కూర, చేప పేరుకు మాత్రమే. బియ్యపు గింజ మీద ఉండే తవుడు పొరలోనే థయామిన్ అనే బి1 విటమిన్ ఉంటుంది. అది పోతే నెలల్లోనే కాళ్ళు మొద్దుబారతాయి, లేదా ఒళ్ళంతా నీరు పట్టి గుండె ఆగిపోతుంది. అదే బెరిబెరి.

యుద్ధానికి ముందే ఉత్తర సర్కారు జిల్లాల్లో ఈ జబ్బు ఉండేది. పచ్చి బియ్యాన్ని మరపట్టించి, పలుమార్లు కడిగి, గంజి వార్చి పారబోసే ఇళ్ళలో అది కనిపించేది. ఒడియా ఇళ్ళలో, తమిళ దేశంలో తినే ఉప్పుడు బియ్యం వారిని కాపాడేది. వడ్లు ఉడికేటప్పుడు ఆ విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది కాబట్టి మరపట్టినా అంతగా పోదు. ఇంట్లో దంపుకున్న బియ్యం, చోళ్ళ అంబలి తినేవారికి కూడా ఈ బాధ తక్కువ. కూనూరులోని పోషకాహార పరిశోధకులు ఈ తేడాను ఆనాడే పట్టించుకుని రాశారు.

శిబిరాల్లోని వైద్యులకు ఈ సంగతి తెలుసు. అందుకే వాళ్ళు తవుడు సంపాదించి, అది గొంతు దిగకపోయినా రోగుల చేత తినిపించారు. ఈస్టు పులియబెట్టారు. సింగపూర్‌లోని చాంగీ శిబిరంలో గడ్డి, ఆకులు నూరి రసం తీసి తాగించారు. పశువులకు వేసే తవుడు కోసం సైన్యాధికారులు కాపలాదార్లను బతిమాలారు. ఎంత రుచిలేని మందు అయినా, ఎన్నో ప్రాణాలు నిలిపింది అదే.

మందులు లేకుండా వైద్యం ఎలా చేశారు?

ఉన్నవాటితో చేశారు. సయాం (నేటి థాయిలాండ్) నుంచి బర్మాకు జపాన్ ఖైదీలతో వేయించిన రైలుమార్గం పక్కన వెదురు పాకలే ఆసుపత్రులు. వెదురు ముల్లు గీసుకుంటే చాలు, కాలిపిక్క ఎముక కనిపించేంత పుండు పడేది. చెంచా అంచుతో కుళ్ళిన కండను గీకి తీసేవారు, మత్తుమందు లేకుండా. అప్పటికీ మానకపోతే కాలు తీసేయాలి. ఆస్ట్రేలియా సర్జన్లు ఆల్బర్ట్ కోట్స్, ఎడ్వర్డ్ డన్‌లప్ పేర్లు ఈ కారణంగానే నేటికీ నిలిచాయి. కాలు పోయినవారికి తోటి ఖైదీలు వెదురుతో, కర్రతో కట్టుడు కాళ్ళు చేసిచ్చారు. కలరా వచ్చినప్పుడు నీళ్ళు కాచి, ఉప్పు కలిపి, వెదురు గొట్టంతో, స్టెతస్కోపు రబ్బరు గొట్టంతో రక్తనాళంలోకి ఎక్కించారు.

వీటన్నిటికంటే నన్ను కదిలించేది మరొకటి. ఖైదీల్లోని సైన్యాధికారులకు జపాన్ వాళ్ళు ఇచ్చే కొద్దిపాటి జీతంలో కొంత కోసి ఒక నిధిగా పోగుచేశారు. ఆ డబ్బుతో థాయ్ వ్యాపారుల దగ్గర బాతుగుడ్లు కొని, పని చేయలేక రేషన్ కోత పడ్డ రోగులకు పెట్టారు. బూన్‌పాంగ్ అనే థాయ్ వ్యాపారి కూరగాయల బుట్టల కింద మందులు దాచి శిబిరాలకు చేర్చాడు. దొరికితే ప్రాణం పోతుందని తెలిసి చేసిన పని అది.

రైలు పనికి తీసుకెళ్ళిన తెలుగు కూలీలు కూడా యుద్ధఖైదీలేనా?

చట్టం లెక్కలో కాదు, వారు పౌరులు. బతుకు లెక్కలో మాత్రం ఖైదీల కంటే దిగువన ఉన్నారు.

బాన్ పాంగ్ నుంచి తన్బ్యుజాయత్ దాకా 415 కిలోమీటర్ల ఆ మార్గం 1942 మధ్యలో మొదలై 1943 అక్టోబరు 17న కలిసింది. సుమారు 60 వేల మంది మిత్రరాజ్యాల ఖైదీలు అక్కడ పనిచేస్తే 12 వేలకు పైగా చనిపోయారు. ఆసియా కూలీలు 1 లక్షా 80 వేలకు పైగా ఉంటారని అంచనా. వారిలో సుమారు సగం మంది, అంటే 90 వేల దాకా తిరిగి రాలేదు. మలయా తోటల్లోని తమిళులు, తెలుగువారు, ఇంకా మలయులు, జావా, బర్మా మనుషులు ఇందులో ఉన్నారు.

ఎందుకు వాళ్ళలోనే అంతమంది పోయారు? వాళ్ళకు వైద్యుడు లేడు. తమ తరఫున గట్టిగా మాట్లాడే అధికారి లేడు. మరుగుదొడ్డి గొయ్యి ఎక్కడ తవ్వాలి, నీళ్ళు కాచి తాగాలి అని శాసించే క్రమం లేదు. భార్యాపిల్లలతో సహా వచ్చినవారు కూడా ఉన్నారు. మూడు నెలల పని, మంచి కూలి అని నమ్మి వెళ్ళినవారు, సినిమా చూపిస్తామని పోగుచేసి లారీలెక్కించినవారు, అందరినీ వర్షాకాలపు అడవిలో వదిలారు. కలరా మొదలైతే పాకలకు పాకలే ఖాళీ అయ్యాయి. సైనికుల సమాధుల మీద పేర్లున్నాయి. ఈ కూలీలకు పేరున్న సమాధి కూడా లేదు. ఇచ్ఛాపురానికి ఇటూ అటూ ఉన్న ఊళ్ళలో "మలయా వెళ్ళి తిరిగి రాలేదు" అని చెప్పుకునే ప్రతి మనిషినీ ఈ లెక్కలో ఒకసారి తలచుకోవాలని నా కోరిక.

ఏళ్ళ తరబడి మనసును ఎలా నిలుపుకున్నారు?

రోజుకు ఒక రూపం ఇచ్చుకున్నారు. చాంగీలో తరగతులు నడిపారు: భాషలు, లెక్కలు, చట్టం, వ్యవసాయం. గ్రంథాలయం పెట్టుకున్నారు. నాటకాలు వేశారు. రహస్యంగా రేడియో కట్టి, చీపురు కట్టలో, నీళ్ళ సీసాలో దాచి వార్తలు విన్నారు. పట్టుబడితే మరణమే అని తెలిసినా విన్నారు, ఎందుకంటే బయట ప్రపంచం నడుస్తోందన్న కబురు కూడా ఆహారమే.

సుమాత్రాలోని పాలెంబాంగ్ శిబిరంలో ఆడవాళ్ళు చేసిన పని నాకు మరీ గొప్పగా తోస్తుంది. వాయిద్యాలు లేవు. మార్గరెట్ డ్రైబర్గ్, నోరా చేంబర్స్ అనే ఇద్దరు పాశ్చాత్య సంగీత కృతులను గొంతులతో పలికేలా రాసి, ఖైదీ స్త్రీలకు నేర్పి, 1943 డిసెంబరు 27న కచేరీ చేయించారు. ఆపడానికి వచ్చిన కాపలాదారు నిలబడి విన్నాడు. తర్వాత పాడేవాళ్ళలో సగం మందికి పైగా చనిపోవడంతో ఆ బృందం ఆగిపోయింది.

ఇవి కాక చిన్న సంగతులు చాలా. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక జట్టుగా ఉండి, ఒకరికి జ్వరమొస్తే మరొకరు అతని వాటా తెచ్చిపెట్టేవారు. ఏకాకిగా ఉన్నవాడు త్వరగా కూలిపోయేవాడని తిరిగొచ్చినవారు మళ్ళీ మళ్ళీ చెప్పారు. ఆకలి మీద ఉన్నవాళ్ళు రాత్రుళ్ళు వంటల గురించే మాట్లాడుకునేవారు. కాగితం దొరికితే వంటల వివరాలు రాసుకునేవారు కూడా. అది పిచ్చి కాదు, ఇంటికి తిరిగి వెళ్తామన్న నమ్మకాన్ని ఆరనివ్వకుండా కాపాడుకోవడం.

ఇంటికి ఉత్తరాలు అందేవా?

ఐరోపా శిబిరాల నుంచి ఆలస్యంగానైనా అందేవి. జపాన్ శిబిరాల్లో ముందే అచ్చువేసిన కార్డు ఇచ్చేవారు, తర్వాత 25 మాటలకు మించకుండా రాయనిచ్చేవారు. అదీ ఏళ్ళకు చేరేది. "ఆచూకీ లేదు" అని తంతి వచ్చిన ఇంట్లో భార్య బొట్టు ఉంచుకోవాలో తీసేయాలో తెలియని స్థితి ఎంతటిదో మన ఊళ్ళలోని పెద్దవాళ్ళకు వివరించనక్కరలేదు. 1949 ఒప్పందం అందుకే నెలకు కనీసం రెండు ఉత్తరాలు, నాలుగు కార్డులు రాయనివ్వాలని నియమం పెట్టింది.

పారిపోవడానికి ప్రయత్నించలేదా?

ఆగ్నేయాసియాలో దాదాపు అసాధ్యం. చుట్టూ అడవి, ఒంట్లో మలేరియా, పట్టిస్తే బహుమతి ఇస్తామన్న ప్రకటనలు. పారిపోబోమని సంతకం చేయనందుకు 1942 సెప్టెంబరు మొదట్లో సింగపూర్‌లోని సెలరాంగ్ బారకాసులో 15 వేల మందికి పైగా ఖైదీలను ఒక్క ఆవరణలో కుక్కి, చివరికి సంతకం చేయించారు.

ఐరోపాలో కథ వేరు. 1944 మే 11న ఫ్రాన్స్‌లోని ఎపినాల్ మీద అమెరికా విమానాలు బాంబులు వేసినప్పుడు భారతీయ ఖైదీల శిబిరం గోడలు కూలాయి. కొందరు అక్కడే చనిపోయారు. మిగిలినవారిలో చాలామంది నడక దారిన ఆగ్నేయం వైపు వెళ్ళారు. ఫ్రెంచి పల్లెవాసులు పెట్టిన రొట్టె తింటూ, పశువుల కొట్టాల్లో పడుకుంటూ దాదాపు 500 మంది స్విట్జర్లాండ్ చేరారు. ఆ యుద్ధంలో ఇంత పెద్ద విజయవంతమైన పలాయనాలు చాలా అరుదు. అయినా మన పాఠ్యపుస్తకాల్లో దీనికి ఒక్క వాక్యమైనా లేకపోవడం బాధగా ఉంటుంది.

ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరినవారు, చేరనివారు: ఎవరు సరైనవారు?

బరంపురంలో ఈ ప్రశ్న వస్తే వాదన తప్పదు. సింగపూర్ 1942 ఫిబ్రవరి 15న లొంగిపోయింది. రెండు రోజుల తర్వాత ఫారర్ పార్క్ మైదానంలో 40 వేలకు పైగా భారతీయ సైనికులను జపాన్‌కు అప్పగించారు. బ్రిటిష్ వారి మీద పోరాడడానికి జపాన్ అండతో ఏర్పడిన ఆజాద్ హింద్ ఫౌజ్‌లో వారిలో కొందరు దేశం కోసం మనస్ఫూర్తిగా చేరారు. కొందరు తోటివారిని కాపాడాలని, కొందరు భయంతో, కొందరు ఆకలితో. చేరనివారిలో చాలామందిని కూలి దళాలుగా న్యూగినీ, న్యూబ్రిటన్ దీవులకు పంపారు. న్యూగినీలోని వీవాక్‌కు వెళ్ళిన సుమారు 3,000 మందిలో బతికి బయటపడ్డవారు అతి కొద్దిమంది. 1945 సెప్టెంబరు 30న సెపిక్ నది పక్కన అంగోరమ్‌లో ఆస్ట్రేలియా సైన్యానికి దొరికినవారు 11 మంది. వారిలో జమాదార్ చింత్ సింగ్ సాక్ష్యం చెప్పడానికి ఆగిపోగా, ఇంటికి బయల్దేరిన మిగతా 10 మందీ విమాన ప్రమాదంలో చనిపోయారు.

హైదరాబాద్‌కు చెందిన కెప్టెన్ మతీన్ అహ్మద్ అన్సారీ హాంకాంగ్‌లో పట్టుబడ్డారు. నిజాం బంధువు కాబట్టి తమవైపు తిరగమని జపాన్ వాళ్ళు ఒత్తిడి చేశారు, చిత్రహింస పెట్టారు. ఆయన తిరగలేదు. 1943 అక్టోబరు 29న చంపేశారు. తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం జార్జ్ క్రాస్ అనే శౌర్య పతకం ఇచ్చింది. ఈ రెండు దారుల్లో ఏదో ఒకదానిని తక్కువ చేసి మాట్లాడే హక్కు కడుపు నిండిన మనకు ఉందని నేను అనుకోను.

స్వతంత్రం వచ్చాక మన సైనికుల అనుభవం ఎలా ఉంది?

1962లో చైనాకు సుమారు 4,000 మంది చిక్కారు. బ్రిగేడియర్ జాన్ దల్వీ వారిలో ఒకరు. సిద్ధాంత బోధన, ఒంటరి నిర్బంధం ఎదుర్కొని 1963 మేలో తిరిగొచ్చారు. 1965లో పాకిస్థాన్‌కు చిక్కిన పైలట్ కె.సి. కరియప్పను విడిచిపెడతామని అయూబ్ ఖాన్ కబురు పంపితే, ఆయన తండ్రి, మాజీ సైన్యాధిపతి జనరల్ కరియప్ప, ఖైదీలందరూ తన బిడ్డలేనని చెప్పి ప్రత్యేక మినహాయింపు వద్దన్నారు.

1971లో మన చేతికి వచ్చిన పాకిస్థానీయులు సుమారు 93 వేల మంది, వారిలో పౌరులు కూడా ఉన్నారు. వారిని 1973 ఆగస్టు ఢిల్లీ ఒప్పందం తర్వాత అంచెలంచెలుగా పంపారు. మన ఖైదీల్లో దిలీప్ పరూల్కర్, మల్వీందర్ గ్రేవాల్, హరీశ్ సింహ్‌జీ అనే ముగ్గురు వైమానికులు 1972 ఆగస్టులో రావల్పిండి శిబిరం గోడకు కన్నం వేసి బయటపడ్డారు. అఫ్గాన్ సరిహద్దుకు కొద్ది మైళ్ళ దూరంలో, లండీ కోటల్‌లో, "లండీ ఖానాకు ఎలా వెళ్ళాలి" అని అడిగారు. తమ పాత పటంలో ఉన్న ఆ రైలు స్టేషన్ 1932లోనే మూతపడింది. అడిగినవాడు స్థానికుడు కాడని అక్కడే తేలిపోయి, ముగ్గురూ మళ్ళీ పట్టుబడ్డారు. 1972 డిసెంబరు 1న మిగతా 600 మందికి పైగా ఖైదీలతో కలిసి వాఘా దాటి వచ్చారు.

తిరిగి వచ్చాక తాతగారు ఎందుకు ఏమీ చెప్పలేదు?

చెప్పడానికి మాటలు ఉన్నా, వినేవారికి నమ్మకం ఉండదని చాలామంది భయపడ్డారు. బతికి వచ్చినందుకు కొందరిలో లోలోపల ఒక నేరభావన, తోటివాడు పోయాడు కదా అని. యుద్ధబాధకు వైద్యశాస్త్రం ఇప్పుడు వాడే పేరు (పీటీఎస్‌డీ) 1980లో గాని స్థిరపడలేదు. అప్పటిదాకా అర్ధరాత్రి కేక పెట్టి లేచినవాణ్ణి ఇంట్లో "గాలి సోకింది" అని తాయత్తు కట్టించారు.

శరీరం కూడా మరచిపోలేదు. ఎండిపోయిన కడుపుకు ఒక్కసారిగా భోజనం పెడితే గుండె ఆగి చనిపోయినవారు 1945లో ఉన్నారు. నేలలోంచి చర్మం గుండా వచ్చే స్ట్రాంగిలాయిడ్స్ అనే నులిపురుగు ముప్పై ఏళ్ళ తర్వాత కూడా తూర్పు దేశాల మాజీ ఖైదీల పేగుల్లో కనిపించింది. పళ్ళెంలో మెతుకు మిగిల్చితే కోపగించుకునే తాతగారిని పిసినారి అనుకున్నవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇప్పటికీ జీవించి ఉన్న, 1962, 1965, 1971 నాటి సైనికులు మన జిల్లాల్లో ఉంటే, "ఎంతమందిని చంపారు" అని అడగకండి. "అక్కడ ఏం తినేవారు? మీ పక్కన ఎవరు పడుకునేవారు?" అని అడగండి. మాట అక్కడి నుంచి కదులుతుంది.

మా ఇంటి మనిషి వివరాలు ఎక్కడ వెతకాలి?

ముందు ఇంట్లో సైనిక నంబరు ఉందేమో చూడండి. పతకం అంచు మీద చిన్న అక్షరాల్లో నంబరు, పేరు, దళం చెక్కి ఉండవచ్చు. మద్రాసు రెజిమెంట్ రికార్డుల కార్యాలయం వెల్లింగ్టన్‌లో ఉంది, మద్రాసు శాపర్లది బెంగళూరులో. దారి చూపడానికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉపయోగపడుతుంది. మొదటి ప్రపంచయుద్ధపు ఖైదీల కార్డులను జెనీవాలోని అంతర్జాతీయ రెడ్‌క్రాస్ సంఘం అంతర్జాలంలో ఉంచింది. అందులో వెతికేటప్పుడు 1916 ఏప్రిల్ 29న కుత్‌లో (నేటి ఇరాక్) లొంగిపోయిన దళాలను మరవకండి.

చనిపోయిన సైనికుల పేర్లు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో దొరుకుతాయి. ఊరి పేరు, జిల్లా పేరు దగ్గర జాగ్రత్త అవసరం. ఇప్పటి గజపతి జిల్లా మనిషి "గంజాం" కింద, రాయగడ లేదా కొరాపుట్ మనిషి "విజగపటం" కింద, రెండూ "మద్రాసు" కింద ఉండవచ్చు. ఇంటిపేరు ఉండకపోవచ్చు, లేదా ఇంటిపేరే అసలు పేరుగా నమోదై ఉండవచ్చు. అప్పన్న, అప్పారావు, అప్పలస్వామి, అప్పలనాయుడు ఒకే మనిషికి వేర్వేరు కాగితాల్లో పడిన పేర్లు కావచ్చు. కాబట్టి పేరుతో కాక తండ్రి పేరు, దళం, మరణించిన తేదీ కలిపి చూడండి. మలయా, సింగపూర్ వైపు పోయి సమాధి లేని చాలామంది పేర్లు సింగపూర్‌లోని క్రాంజీ స్మారకం స్తంభాల మీద ఉంటాయి, ఏ స్తంభం అన్న నంబరు కూడా ఆ జాబితాలోనే ఇస్తారు.